మిఖాయిల్ త్స్వెట్ పండితుని చరిత్రము

మన తుంగతుర్తి, సూర్యాపేట ప్రాంతములలో ఇంటింట విద్యుద్దీపములు రాక పూర్వము పెండ్లి యూరేగింపునకైనను, వీథిభాగవతమునకైనను పెట్రోమాక్సు దీపమే దిక్కుగా నుండెడిది. ఆ దీపమునందు ప్రకాశించునది నూనె కాదు, వత్తియు కాదు. చిన్న సంచివలె అల్లిన మాంటిల్ అను గుడ్డ. క్రొత్త మాంటిలును మొదటిసారి వెలిగించినప్పుడు దాని నూలు కాలిపోవును. అయినను సంచి రూపము చెడక, ముట్టుకొన్న రాలిపోవునట్టి తెల్లని బూడిదగా నిలిచి, ఆవిరియైన కిరసనాయిలు మంటలో పట్టపగలువలె వెలుగును. ఆ బూడిద యెట్టిదని విచారించినవారు మనలో కొద్దిమందియే యుందురు.

దానిని కనిపెట్టినవాడు ఆస్ట్రియా దేశస్థుడగు కార్ల్ ఔవర్ ఫన్ వెల్స్‌బాఖ్ అను రసాయనజ్ఞుడు. 1891వ సంవత్సరమున ఆయన స్థిరపఱచిన ప్రకారము అందు నూటికి 99 పాళ్లు థోరియం భస్మమును, ఒక పాలు సీరియం భస్మమును ఉండవలెను. ఆ యొక్క పాలు లేనిచో దీపము మసకబారును. ఈ రెండు భస్మములును మోనజైట్ అను బరువైన ఇసుకనుండి లభించును. 1909లో షోంబెర్గ్ అను జర్మను రసాయనజ్ఞుడు ఆ యిసుకను తిరువాన్కూరు సముద్రతీరమున కనుగొనెను. మన భీమునిపట్నము, కళింగపట్నము తీరములందును అది కలదు. మాంటిళ్లలో థోరియమునకు బదులు ఇట్రియం మున్నగువానిని వాడుట తరువాత వచ్చిన మార్పు.

సీరియము ఒంటరిది కాదు. లాంథనము మొదలు లుటీషియము వఱకు 15 మూలకములును, స్కాండియము, ఇట్రియము అను మఱి రెండును కలిసి 17 గుఱు దాయాదులుగల ఒక పెద్ద కుటుంబమున అది యొకటి. ఈ కుటుంబమునకు విరళ మృత్తికలని పేరు. పేరు చూచి మోసపోరాదు. భూమి పైపొరలో సీరియము రాగికి దాదాపు సమానముగా నున్నది. విరళమైనది ఆ పదార్థము కాదు, ఒకదానినుండి మఱియొకదానిని విడదీయు నేర్పు. ఏ గనియందైనను ఇవి కలిసియే యుండును. ఒకటి కరగిన ఆమ్లములో తక్కినవియు కరగును. ఒకటి గడ్డకట్టినచోట తక్కినవియు గడ్డకట్టును. నీటిలో కరగియున్నప్పుడు ఇవి యన్నియు మూడేసి ధనావేశములు గల అయానులు. వానికి గల భేదము పరిమాణమున మాత్రమే. లాంథనం అయాను వ్యాసార్ధము 103 పికోమీటర్లు, లుటీషియం అయానుది 86. పికోమీటరనగా మీటరులో లక్షకోట్లవ వంతు. మొదటిదానికిని కడపటిదానికిని నడుమ 14 మెట్లున్నవి గనుక, ఇరుగుపొరుగు అయానులకు గల తేడా ఒకటి రెండు పికోమీటర్లకు మించదు.

ఈ కవలలను వేఱుచేయుటకై రసాయనజ్ఞులు నూఱు సంవత్సరములకు పైగా పడిన పాట్లు చెప్పనలవి కానివి. 1841లో మోసాండర్ అను స్వీడను దేశీయుడు ఒక క్రొత్త మూలకము దొరికెనని తలచి దానికి కవల యను నర్థము వచ్చునట్లు డిడిమియమని పేరిడెను. 44 సంవత్సరములు గడచిన పిదప, 1885లో, పైని చెప్పిన ఔవర్ పండితుడే అది ఒకటి కాదు రెండని చూపి, ఆకుపచ్చని లవణములిచ్చుదానికి ప్రేజియోడిమియమనియు, ఊదారంగు లవణములిచ్చుదానికి నియోడిమియమనియు పేర్లు పెట్టెను. ఆ కాలమున ఉండిన ముఖ్యమైన ఉపాయము స్ఫటికీకరణము. లవణమును నీట కరగించి, కాచి, చల్లార్చి, అడుగున పేరిన స్ఫటికములను ఒకవైపును, పైన నిలిచిన నీటిని ఒకవైపును తీయుదురు. ఒక్కొక్కసారికి కలుగు భేదము రవ్వంత. కావున మఱల కరగించుట, మఱల కాచుట. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ కళాశాలలో చార్లెస్ జేమ్స్ అను ఆచార్యుడు శుద్ధమైన థూలియమును పొందుటకై 15,000 సార్లు ఇట్లు చేసి 1911లో ఫలితమును ప్రకటించెను. పదిమార్లు అన్నము వార్చిన చేతులు నొచ్చునే. ఆ మహానుభావుని చేతుల మాట యేమనవలెను!

వింత యేమన, జేమ్స్ పండితుడు అటు అమెరికాలో పాత్రలు కాచుచున్న ఆ యేండ్లలోనే, ఇటు వార్సా నగరమున ఒక వృక్షశాస్త్రజ్ఞుడు ఈ శ్రమకు మందు కనిపెట్టి యుండెను. ఆయన విరళ మృత్తికలను ముట్టినవాడు కాడు. ఆకులలోని రంగులే ఆయనకు లోకము. ఆయన పేరు మిఖాయిల్ సెమ్యోనొవిచ్ త్స్వెట్. ఆయన చరిత్రమునే ఇచట వ్రాయబూనితిమి.

త్స్వెట్ 1872వ సంవత్సరము మే 14వ తేదీన ఇటలీ దేశమునందలి ఆస్టి పట్టణమున, తలిదండ్రులు ప్రయాణములో నుండగా, ఒక హోటలులో జన్మించెను. తండ్రి సెమ్యోన్ రష్యా దేశపు ప్రభుత్వోద్యోగి. తల్లి మరియ ఇటలీ సంతతికి చెందినది. పుట్టిన కొలదికాలమునకే బిడ్డ తల్లిని పోగొట్టుకొనెను. తండ్రి ఉద్యోగార్థమై స్వదేశమునకు మరలవలసివచ్చెను. శిశువు బలహీనుడగుటచే స్విట్జర్లండు దేశమున దాది చేతిలో నుంచబడెను. ఆ విధముగా రష్యా బాలుడు ఫ్రెంచి భాష మాటలాడుచు, లోజాను, జెనీవా నగరములలో పెరిగి పెద్దవాడయ్యెను. జెనీవా విశ్వవిద్యాలయమున 1891లో ప్రవేశించి, గణితమును, భౌతిక రసాయన శాస్త్రములను, వృక్షశాస్త్రమును చదివి, 1896లో డాక్టరు పట్టమును పొందెను. వృక్షశాస్త్రమే వృత్తియైనను, రసాయనమును భౌతికమును విడువక చదువుట ఈయనకు పిమ్మట ఎంత యుపకరించెనో ముందు చూడగలము.

పట్టము చేతబట్టుకొని ఆయన తండ్రి దేశమునకు పోయెను. అచట ఎదురైన మొదటి యాశాభంగము ఇది: విదేశమున పొందిన డాక్టరు పట్టము రష్యాలో చెల్లదు. విశ్వవిద్యాలయమున పదవి కావలెనన్న అచటి పరీక్షలు మొదటినుండి ఇచ్చి, అచటి పట్టములనే పొందవలెను. ఇరువదినాలుగేండ్ల డాక్టరు మఱల విద్యార్థి యయ్యెను. సెంట్ పీటర్స్‌బర్గులో చిన్న చిన్న పనులు చేయుచు, బోధించుచు, పరిశోధన సాగించి, 1901లో కజాను విశ్వవిద్యాలయమున మాస్టరు పట్టమును సంపాదించెను. ఆ వెంటనే వార్సా విశ్వవిద్యాలయమున సహాయకోద్యోగము లభించెను. పోలండు దేశపు ఆ నగరము అప్పుడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. అచట ఆయన పై యధికారి ఇవనోవ్‌స్కీ. పొగాకు తెగులునకు కారణము మిక్కిలి సన్నని వడపోతకు సయితము చిక్కని సూక్ష్మపదార్థమని 1892లో చూపి, వైరసుల శాస్త్రమునకు పునాది వేసినవాడు. ఒక్క ప్రయోగశాలలో ఇట్టి ఇరువురు చేరుట యరుదు. ఆ కాలమున ఇరువురిలో నెవరికిని తగిన ఖ్యాతి లేకుండుట మఱియు వింత.

త్స్వెట్ ఎదుట నుండిన ప్రశ్న చూచుటకు చిన్నది. ఆకులోని పచ్చదనమును శుద్ధమైన పెట్రోలియం ఈథరుతో తీయబోయిన, ఒక్క పసుపు రంగు తప్ప తక్కినది రాదు. అందు కొంచెము సారాయి సత్తు కలిపినచో పచ్చదనమంతయు జారివచ్చును. అయితే అట్లు వచ్చిన పచ్చని పదార్థము తరువాత శుద్ధమైన పెట్రోలియం ఈథరులో చక్కగా కరగును! కరగు గుణము ఉండి, మొదట ఏల రాలేదు? ఇతరులు దీనిని చూచి, సారాయి సత్తు ఆ రంగును మార్చివేసెనని తలచిరి. త్స్వెట్ మఱియొక విధముగా యోచించెను. రంగు మారలేదు, ఆకు కణములోని పదార్థము దానిని తన యుపరితలమున అంటి పట్టుకొనియున్నది, సారాయి సత్తు ఆ పట్టు విడిపించినది. ఇట్లు ఉపరితలము అంటి పట్టుకొనుటకు అధిశోషణమని పేరు. ఇదియే నిజమైనచో, ఆకుతో నిమిత్తము లేకయే వడపోత కాగితము గాని, సుద్దపొడి గాని అదే పని చేయవలెను. చేసి చూచెను, చేసినది. పిమ్మట ఆయన నూఱింటికి పైగా పొడులను ఒకదాని తరువాత నొకటి పరీక్షించెను.

ఈ పరీక్షలనుండి పుట్టినదే గాజు గొట్టపు పద్ధతి. సన్నని గాజు గొట్టమున మెత్తని సుద్దపొడిని గట్టిగా దట్టించి, పైనుండి ఆకు రసపు ద్రావణమును పోసి, దాని వెంట శుద్ధమైన ద్రావణిని పోయుచుండెను. అప్పుడు ఒక్కటిగా నుండిన పచ్చదనము దిగుచు దిగుచు పట్టెలు పట్టెలుగా విడిపోయెను. కెరోటిన్ అను నారింజవన్నె పదార్థము సుద్దకు చిక్కక ముందుగా జారిపోయెను. దాని వెనుక జాంథోఫిలులను పసుపు పట్టెలు. వానికి పైన నీలి చాయగల యొక పచ్చపట్టె, పసుపు చాయగల మఱియొక పచ్చపట్టె. పత్రహరితము ఒకటి కాదు రెండనుట కంటికి కనబడెను. పట్టెలు విడిన పిదప పొడిని కఱ్ఱతో బయటికి త్రోసి, కత్తితో ముక్కలుగా కోసి, ఒక్కొక్క రంగును సారాయి సత్తుతో కడిగి వేఱువేఱు సీసాలలో చేర్చెను. కాచుట లేదు, చల్లార్చుట లేదు.

ఇది ఎట్లు జరుగునో మా చిన్న చదువరులకు ఒక యుపమానముతో చెప్పెదము. నలుగురు అన్నదమ్ములు సూర్యాపేట అంగడివీథిలో ఒక్కసారి ప్రవేశించిరనుకొనుడు. అందఱును ఒకే నడక నడచువారే. కాని యొకడు ప్రతి యంగడియొద్దను నిలిచి బేరమాడును. ఒకడు రెండింటికొకచోట నిలుచును. ఒకడు ఎచటను నిలువడు. వీథి కొస చేరునప్పటికి నలుగురును వేఱువేఱు సమయములకు వత్తురు. ఒక్క యంగడియొద్ద కలుగు జాగు స్వల్పమే, అంగళ్లు వందలున్నవి గనుక ఎడము పెరిగినది. జేమ్స్ పండితుడు తన చేతులతో 15,000 సార్లు చేసిన పనిని ఈ గొట్టము తనంతట తానే, ద్రావణి క్రిందికి దిగునంతలో, చేయుచున్నది. ఈ పద్ధతి మహిమ యంతయు ఇందే కలదు.

విద్యార్థులు దీనిని పాఠశాలలోనే చూడవచ్చును. నాలుగు తోటకూర ఆకులను నలిపి, కొంచెము స్పిరిటులో నానబెట్టి, ఆ పచ్చని నీటిని పళ్లెరమున వేలెడులో నాలవవంతు ఎత్తుకు పోసి, అందు సుద్దముక్కను నిలువుగా నిలిపినచో, కొంతసేపటికి పచ్చదనము పైకి ప్రాకి, దాని మీద పసుపుపచ్చని యంచు వేఱుగా కనబడును. స్పిరిటు దగ్గఱ దీపముంచరాదు. ఉపాధ్యాయులు చెంత నుండవలెను.

1903 మార్చి 21వ తేదీన త్స్వెట్ వార్సాలోని ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘమున ఈ విషయమును మొదటిసారి యుపన్యసించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యేండ్లు. 1906లో జర్మను వృక్షశాస్త్ర సంఘపు పత్రికలో రెండు వ్యాసములు ప్రచురించి, తన పద్ధతికి క్రొమటోగ్రఫీ యని నామకరణము చేసెను. గ్రీకు భాషలో దానికి వర్ణలేఖన మని యర్థము. రష్యా భాషలో త్స్వెట్ అను మాటకును రంగు అనియే యర్థము! పరభాషాపదము చాటున తన పేరును తానే పెట్టుకొనెనని కొందఱందురు. అంత పాటుపడిన వానికి ఆపాటి వినోదమైనను దక్కరాదా యని మా యభిప్రాయము.

ఆ వ్యాసములలోనే, చదువరులు మఱువరాని యొక మాటను ఆయన వ్రాసెను. రంగుగల పదార్థములకే గాక, రంగులేని పదార్థములకును ఈ పద్ధతి వర్తించునని దాని సారాంశము. రంగు కంటికి దారి చూపునే గాని, విడదీయునది రంగు కాదు. ఈ మాటను ఆనాడు ఎవరును పట్టించుకొనలేదు.

పట్టించుకొనకపోవుటయే కాదు, ఎదిరించినవారును కలరు. పత్రహరితమున ప్రవీణుడని పేరుపొందిన మార్హ్‌లెవ్‌స్కీ అను పోలండు రసాయనజ్ఞుడు, వడపోతవంటి యీ పనితో పదార్థముల స్వరూపము తేలదని పత్రికలలో గట్టిగా వాదించెను. త్స్వెట్ అంతకంటె గట్టిగా బదులు చెప్పెను. ఆయన కలము కొంచెము కారము గలది. అది ఆయనకు మిత్రులను పెంచలేదు. 1907లో బెర్లినునకు స్వయముగా పోయి, రంగుపట్టెలు గల గొట్టములను అచటి వృక్షశాస్త్రజ్ఞులకు చూపెను. జర్మనీలో ఆ శాస్త్రమునకు పెద్దయైన విల్‌ష్టాటర్ పండితుడు ఈ పద్ధతిని పరీక్షించి, పొడి తాకిడికి పత్రహరితము చెడిపోవునని తలచి విడిచెను. చెడగొట్టని పొడిని ఎన్నుకొనుటయే త్స్వెట్ నేర్పని ఆయనకు తోచలేదు. ఆకు రంగులపై చేసిన కృషికి విల్‌ష్టాటరునకు 1915లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆయన మహాపండితుడే, సందేహము లేదు. అయినను తమవాడు కానివాడు, చిన్న పదవిలో నున్నవాడు, వృక్షశాస్త్రజ్ఞుడై రసాయనమున వేలు పెట్టినవాడు చెప్పిన మాటను తూచునప్పుడు తక్కెడ కొంచెము వంగినదని తలపక తప్పదు.

త్స్వెట్ వెనుదీయలేదు. 1907లో వివాహము చేసికొనెను. 1908లో వార్సా పాలిటెక్నికు విద్యాలయమున బోధకుడయ్యెను. వృక్షములందును జంతువులందును గల వర్ణద్రవ్యములను గూర్చి 1910లో రష్యా భాషలో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించి, దానికై డాక్టరు పట్టమును, అనగా తన రెండవ డాక్టరు పట్టమును, పొందెను. మఱుసటి యేట రష్యా విజ్ఞాన పరిషత్తు ఆ గ్రంథమునకు బహుమాన మిచ్చెను. గ్రంథము రష్యా భాషలో నుండుటచే పశ్చిమ దేశములవారు దానిని చదువలేకపోయిరి. పదవి మాత్రము పెరుగలేదు.

1914లో యుద్ధము వచ్చెను. 1915 ఆగస్టులో జర్మను సైన్యము వార్సాను పట్టుకొనెను. విద్యాలయము మాస్కోకును, అచటినుండి నీజ్నీ నొవ్‌గొరొద్ నగరమునకును తరలిపోయెను. ఆయన పుస్తకములును పరికరములును వెనుక నిలిచి నష్టమయ్యెను. దేహమున ఎప్పుడును పుష్టిలేని మనిషి. ఈ తిరుగుళ్లతో గుండె జబ్బు ముదిరెను. 1917లో యుర్యెవ్ విశ్వవిద్యాలయమున ఆచార్య పదవియు, ఉద్యానవనపు టధికారమును లభించెను. జీవితమంతయు వేచిన పదవి అది. ఏడాది తిరుగక ముందే జర్మనులు ఆ నగరమును సయితము పట్టుకొనిరి. 1918లో విశ్వవిద్యాలయము వరోనెజ్ నగరమునకు మాఱెను. త్స్వెట్ దంపతులును మూటలు కట్టుకొనిరి. ఆ సంవత్సరమే హాలెండు దేశపు వాన్ విస్సెలింగ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈయన పేరును రసాయన నోబెల్ బహుమానమునకు సూచించెను. అది ఫలింపలేదు. అంతర్యుద్ధము, ఆకలి, రోగము నడుమ 1919 జూను 26వ తేదీన వరోనెజులో ఆయన మరణించెను. వయస్సు 47 సంవత్సరములు. కొంతకాలమునకు సమాధి గుఱుతు సయితము లేకపోయెను. అచటి మఠపు ఆవరణమున ఒక స్మారక శిలను నిలుపుటకు 1992వ సంవత్సరము రావలసివచ్చెను.

మనిషి పోయిన పిదప పండ్రెండేండ్లకు పద్ధతి మేలుకొనెను. 1931లో హైడెల్‌బర్గు నగరమున రిషర్డ్ కూన్ ఆచార్యుని యొద్ద పనిచేయు ఎడ్గర్ లెడరర్ అను యువకుడు, గ్రుడ్డు సొనలోని పసుపు రంగును, కెరోటినులను వేఱుచేయు మార్గమును వెదకుచు త్స్వెట్ పద్ధతిని చదివెను. త్స్వెట్ గ్రంథమునకు విల్‌ష్టాటర్ తనకై చేయించుకొన్న జర్మను అనువాదము కూన్ చేతికి వచ్చియుండెను. ఏ పండితుడు విడిచెనో ఆ పండితుని బీరువాలోని ప్రతియే దారి చూపెను! లెడరర్ పొడి దట్టించిన గొట్టమున పోసి చూడగా, ఒక్కటియని తలచిన కెరోటిన్ రెండుగా విడిపోయెను. కొన్ని యేండ్లలో ఐరోపా ప్రయోగశాలలన్నిటను గాజు గొట్టములు వెలసెను.

ఇక విరళ మృత్తికల మాట. సుద్దపొడి ఆ యయానులకు పనికిరాదు. వానిని పట్టుటకు తగిన పదార్థము వేఱొకటి కావలెను. 1935లో ఇంగ్లండులో ఆడమ్స్, హోమ్స్ అనువారు కృత్రిమమైన రెసినులను చేసి, అవి నీటిలోని అయానులను పట్టి, బదులు తమ యయానులను విడుచునని చూపిరి. ద్వితీయ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో అణుబాంబు నిర్మాణమునకై యురేనియం పరమాణువులను చీల్చినప్పుడు, ఆ ముక్కలలో విరళ మృత్తికలు విస్తారముగా కనబడెను. అందు కొన్ని న్యూట్రానులను మ్రింగి, పని జరుగనీయవు. ఏది యెంత యున్నదో వెంటనే తెలియవలెను; స్ఫటికములు కాచుచు కూర్చుండుటకు వ్యవధి లేదు. ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో బాయిడ్, టాంప్కిన్స్ మున్నగువారును, అయోవా రాష్ట్రపు ఏమ్స్ పట్టణమున ఫ్రాంక్ స్పెడింగ్ బృందమును, గొట్టమున సుద్దకు బదులు రెసినును దట్టించి, త్స్వెట్ పద్ధతినే ప్రయోగించిరి. ఇంతటి విద్య ఇంతటి విధ్వంసమునకు తోడుగా పెరిగినదని తలచిన మనస్సు కలుక్కుమనును. కాని జరిగినది జరిగినట్లు చెప్పవలెను గదా.

అందలి యుపాయము చక్కనిది. రెసిన్ పెద్ద అయానులను కొంచెము గట్టిగా పట్టును. ఆ భేద మొక్కటియే చాలదు. కావున పైనుండి పోయు నీటిలో నిమ్మపులుసునందుండు సిట్రిక్ ఆమ్లమును తగిన పాకమున కలిపిరి. సిట్రిక్ ఆమ్లము చిన్న అయానులను గట్టిగా పట్టి నీటిలోనికి లాగును. ఇటు రెసిన్ పెద్దవానిని నిలుపుచుండ, అటు ఆమ్లము చిన్నవానిని త్రోసికొనిపోవుచుండును. రెండు చేతులును ఒకే వైపు సాయపడుటచే ఒకటి రెండు పికోమీటర్ల తేడా గొట్టము దిగునంతలో గజము తేడా యగును. అన్నిటికంటె చిన్నదగు లుటీషియము ముందుగా వెలువడును; పెద్దదగు లాంథనము కడపట వచ్చును. ఈ మార్గముననే 1945లో మారిన్‌స్కీ, గ్లెండెనిన్, కొర్యెల్ అను మువ్వురు, ఎంతకాలమునుండియో ఖాళీగా నుండిన 61వ స్థానపు మూలకమును గుర్తించిరి. దానికి ప్రొమీథియమని పేరు. యుద్ధము ముగిసి, రహస్యము సడలిన పిదప, 1947లో ఈ వ్యాసములు వెలువడెను. ఏమ్స్‌లో స్పెడింగ్ గొట్టములను పెద్దవి చేసి, చిటికెడు దొరకుటయే యరుదుగా నుండిన శుద్ధ లవణములను కిలోగ్రాముల కొలది తీసెను. జేమ్స్ పండితుడు 1928లోనే కాలధర్మము నొందెను. ఆ గొట్టములను ఆయన చూచియుండిన ఏమనుకొనెడివాడో!

1955లో మెండెలీవియము అను 101వ మూలకమును గుర్తించినదియు ఈ పద్ధతియే. అప్పుడు శాస్త్రజ్ఞులకు దొరికినవి మొత్తము 17 పరమాణువులు. కుండలో 17 పరమాణువులను కాచి స్ఫటికము చేయగలవాడెవడు?

నేటి యంత్రమున గాజు గొట్టము లేదు. జానెడు ఉక్కు గొట్టమున మిక్కిలి సన్నని రేణువులను దట్టించి, పంపుతో వందల వాతావరణముల యొత్తిడిన ద్రావణిని నడపుదురు. సిట్రిక్ ఆమ్లమునకు బదులు ఆల్ఫా హైడ్రాక్సీ ఐసోబ్యుటిరిక్ ఆమ్లమును క్రమముగా చిక్కబఱచుచు పోయగా, అర్ధగంట లోపల లుటీషియము మొదలు లాంథనము వఱకు వరుసగా వెలువడును. వీనిలో పెక్కింటికి రంగు లేదు. ఉన్నవానికి సయితము అంత పలుచని నీటిలో కనబడదు. అందుచే గొట్టము దాటిన వెంటనే ఆర్సెనాజో అను నొక రంగుమందును కలుపుదురు. అది అయానును కలిసిన తోడనే పచ్చనీలి వన్నె దాల్చును. ఆ వన్నెను యంత్రపు కన్ను కొలిచి, కాగితముపై శిఖరములుగా గీయును. రంగులేని పదార్థములకును తన పద్ధతి వర్తించునని 1906లో వ్రాసిన వాని మాట ఈ విధముగా నెగ్గినది. అదియు రంగు సాయముననే!

టన్నుల కొలది లోహము తీయు కర్మాగారములు 1960 దశకము తరువాత ద్రావణీ నిష్కర్షణ పద్ధతికి మరలినవి, అది చవుక. మిక్కిలి శుద్ధమైన సరుకు కావలసినప్పుడును, ఒక రాతిలో ఏ విరళ మృత్తిక యెంత యున్నదో వేఱువేఱుగా కొలుచునప్పుడును క్రొమటోగ్రఫీ యక్కఱకు వచ్చును. సెల్‌ఫోను స్పీకరులలోని చిన్న అయస్కాంతమునకు నియోడిమియము కావలెను. పాత టెలివిజనులలోని యెఱ్ఱ రంగునకు యూరోపియము ఆధారము. మన దేశమున ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ 1950లో స్థాపింపబడి, 1952లో కేరళ సీమయందలి ఆలువాయి కర్మాగారమున మోనజైటును విడదీయ మొదలిడెను. అణు ఖనిజముల అన్వేషణ శాఖ ప్రధాన కార్యాలయము హైదరాబాదుననే యున్నది. 2023లో హైదరాబాదు నందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అనంతపురము జిల్లా రాళ్లలో విరళ మృత్తికలు కలవని ప్రకటించిరి. ఆ రాళ్లలోను ఈ దాయాదులు విడిగా లేరు. అన్నియు కలిసియే యున్నవి.